ఒక ఆటగాడిపై వేటు.. తెల్లారేసరికి ఊరంతా అద్దాల ముక్కలు! 1955 మాంట్రియల్ అల్లర్ల వెనుక భాష గొడవ ఏంటి? హైదరాబాద్‌తో పోలిక ఎక్కడ?

మ్యాచ్ ఓడిపోతే అభిమానులు బాధపడతారు. కోపం ఎక్కువైతే బాటిళ్లు విసురుతారు. కానీ ఒక ఆటగాడిని సస్పెండ్ చేసినందుకు నగరంలోని ప్రధాన వీధి మొత్తం ధ్వంసమైతే? కెనడాలోని మాంట్రియల్‌లో 1955 మార్చి 17 రాత్రి అదే జరిగింది. ప్రపంచ క్రీడా చరిత్రలో ‘రిచర్డ్ అల్లర్లు’గా నిలిచిపోయిన ఘటన ఇది. బయటకు ఐస్ హాకీ గొడవలా కనిపించినా, లోపల రగిలింది భాష. ఫ్రెంచ్ మాట్లాడే జనం ఎక్కువ.. ఇంగ్లీష్ మాట్లాడే వాళ్ల చేతిలో పెత్తనం ఎక్కువ. ఆ మంట ఒక మ్యాచ్ రోజున బయటపడింది.

ఇది ఎక్కడో మంచు దేశం కథ అనుకుంటే పొరపాటే. భాష, ఉద్యోగం, ఆత్మగౌరవం కలిస్తే ఏమవుతుందో ఉస్మానియా క్యాంపస్‌కు, దాని చుట్టూ ఉన్న తార్నాక, వారాసిగూడ, మాణికేశ్వర్‌నగర్ బస్తీలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ముందు మాంట్రియల్‌లో ఏం జరిగిందో చూద్దాం.

అసలు గొడవ ఎక్కడ మొదలైంది?

మారిస్ రిచర్డ్.. అభిమానులు ముద్దుగా పిలిచే పేరు ‘రాకెట్’. మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు స్టార్. 1944-45 సీజన్‌లో 50 మ్యాచుల్లో 50 గోల్స్ కొట్టి రికార్డు సృష్టించాడు. సాధారణ కార్మిక కుటుంబంలో పుట్టిన ఫ్రెంచ్ కెనడియన్. పెద్దగా మాట్లాడడు. మైదానంలో మాత్రం నిప్పు. ప్రత్యర్థులు కావాలనే రెచ్చగొట్టేవారు. అతనూ ఊరుకునేవాడు కాదు.

1955 మార్చి 13న బోస్టన్‌లో మ్యాచ్. బోస్టన్ బ్రూయిన్స్ ఆటగాడు హాల్ లేకో స్టిక్ రిచర్డ్ తలకు తగిలింది. రక్తం కారింది. ఐదు కుట్లు పడ్డాయి. దాంతో రిచర్డ్ స్టిక్ ఎత్తి లేకోను కొట్టాడు. ఆపడానికి వచ్చిన లైన్స్‌మన్ క్లిఫ్ థాంప్సన్ తనను వెనుక నుంచి పట్టుకోవడంతో అతనిపైనా చెయ్యి చేసుకున్నాడు. రిఫరీలపై, లైన్స్‌మన్‌పై చేయి ఎత్తడం ఏ ఆటలోనైనా పెద్ద తప్పే. పైగా రిచర్డ్‌కు ఇది మొదటిసారి కూడా కాదు. కొన్ని నెలల ముందే టొరంటోలో ఇలాంటి గొడవలోనే జరిమానా కట్టాడు.

మూడు రోజుల తర్వాత విచారణ. నేషనల్ హాకీ లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ కాంప్‌బెల్ తీర్పు చెప్పాడు. లీగ్ దశలో మిగిలిన 3 మ్యాచులతో పాటు, ఆ ఏడాది ప్లేఆఫ్స్ మొత్తానికీ రిచర్డ్ సస్పెండ్!

శిక్ష వేయడం తప్పని చాలామంది అనలేదు. ‘ఇంత శిక్షా?’ అన్నదే ప్రశ్న. టైటిల్ కోసం పోటీ నడుస్తున్న టైమ్‌లో జట్టు ప్రధాన ఆటగాడినే పక్కన పెట్టేశారు. అప్పటికి పాయింట్ల పట్టికలో టాప్‌లో ఉన్నది కూడా రిచర్డే. కెరీర్‌లో అప్పటిదాకా అందని స్కోరింగ్ టైటిల్ చేతికి వచ్చే దశలో ఆట ఆపేశారు.

మార్చి 17 రాత్రి ఏం జరిగింది?

మరుసటి రోజే మాంట్రియల్ ఫోరమ్ స్టేడియంలో డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌తో మ్యాచ్. లీగ్‌లో ఫస్ట్ ప్లేస్ ఎవరిదో తేల్చే పోరు. కాంప్‌బెల్‌కు బెదిరింపులు వచ్చాయి. మ్యాచ్‌కు రావొద్దని మేయర్ జాన్ ద్రాపో కోరారు. కాంప్‌బెల్ వినలేదు. లీగ్ అధ్యక్షుడిగా తన సీటులో తాను కూర్చుంటానన్నారు.

మ్యాచ్ మొదలైన కాసేపటికి ఆయన లోపలికి వచ్చి కూర్చున్నారు. అంతే.. గుడ్లు, టమాటాలు, చేతికందినవన్నీ ఆయనపైకి వచ్చిపడ్డాయి. మొదటి పీరియడ్ ముగిసేసరికి డెట్రాయిట్ 4-1తో ముందుంది. విరామంలో ఒక యువకుడు షేక్‌హ్యాండ్ ఇస్తానన్నట్టు చెయ్యి చాపి దగ్గరకు వెళ్లి, కాంప్‌బెల్‌ను కొట్టాడు. ఇంతలో ఆయనకు దగ్గర్లోనే ఒక టియర్ గ్యాస్ డబ్బా పేలింది. జనం దగ్గుతూ, కళ్లు మండుతూ బయటకు పరుగులు తీశారు.

ఫైర్ చీఫ్ స్టేడియం ఖాళీ చేయమన్నారు. మ్యాచ్ రద్దయింది. గెలుపు డెట్రాయిట్ ఖాతాలో పడింది.

లోపలి వేల మంది బయటకు వచ్చారు. బయట అప్పటికే వేల మంది నిరసన చేస్తున్నారు. రెండు గుంపులూ కలిశాయి. ఇక అక్కడి నుంచి సెయింట్ కేథరిన్ వీధి పొడవునా విధ్వంసం. దుకాణాల అద్దాలు పగిలాయి. కార్లు ధ్వంసమయ్యాయి. కొన్నిచోట్ల లూటీలు. తెల్లవారుజాము దాకా ఆగలేదు. దాదాపు 50 దుకాణాలు దెబ్బతిన్నాయి. నష్టం అప్పటి లెక్కల్లోనే సుమారు 1 లక్ష డాలర్లు. పదుల సంఖ్యలో గాయాలు, అరెస్టులు. అదృష్టం ఏంటంటే ఎవరి ప్రాణమూ పోలేదు.

మరుసటి రోజు సాయంత్రం రిచర్డే మైక్ ముందుకు వచ్చాడు. ముందు ఫ్రెంచ్‌లో, తర్వాత ఇంగ్లీష్‌లో మాట్లాడాడు. ఇక గొడవలు వద్దని, తాను శిక్షను అనుభవిస్తానని, వచ్చే ఏడాది తిరిగి వచ్చి జట్టును గెలిపించడానికి ఆడతానని చెప్పాడు. ఊరు చల్లబడింది.

ఇంతకీ ఇందులో భాష ఎక్కడుంది?

అసలు పాయింట్ ఇదే. అప్పట్లో క్యూబెక్ రాష్ట్రంలో ప్రతి 10 మందిలో దాదాపు 8 మంది మాతృభాష ఫ్రెంచ్. కానీ బ్యాంకులు, ఫ్యాక్టరీలు, పెద్ద కంపెనీల పగ్గాలు ఎక్కువగా ఇంగ్లీష్ మాట్లాడే వారి చేతుల్లో ఉండేవి. ఫ్యాక్టరీలో కూలీలు ఫ్రెంచ్ వాళ్లు. ఫోర్‌మన్, మేనేజర్ ఇంగ్లీష్ వాళ్లు. ప్రమోషన్ కావాలంటే ఇంగ్లీష్ రావాలి. సొంత ఊళ్లోనే ఫ్రెంచ్‌లో మాట్లాడితే ‘తెల్లవాళ్ల భాషలో మాట్లాడు’ అని ఎగతాళి చేసేవారు.

ఇది కేవలం ఫీలింగ్ కాదు. కెనడా ప్రభుత్వం 1963లో వేసిన ద్విభాషా కమిషన్ లెక్కలు తీసింది. 1961 జనాభా లెక్కల ప్రకారం, క్యూబెక్‌లో వివిధ జాతుల ఆదాయాలు పోల్చితే ఫ్రెంచ్ మూలాలున్న వారు అట్టడుగు వరుసల్లో ఉన్నట్టు తేలింది. తమ సొంత రాష్ట్రంలో, మెజారిటీగా ఉంటూ!

ఇప్పుడు హాకీకి వద్దాం. రిచర్డ్ ఫ్రెంచ్. కాంప్‌బెల్ ఇంగ్లీష్. లీగ్ ఆఫీసు మాంట్రియల్‌లోనే ఉన్నా, అక్కడ ఏళ్లుగా పనిచేస్తున్న కాంప్‌బెల్‌కు ఫ్రెంచ్‌తో పని పడలేదు. జట్టు ఓనర్లు కూడా ఎక్కువ మంది ఇంగ్లీష్ వాళ్లే. ఫ్రెంచ్ ఆటగాళ్లకు ఒక శిక్ష, ఇంగ్లీష్ ఆటగాళ్లకు ఒక శిక్ష పడుతోందన్న అనుమానం అభిమానుల్లో అప్పటికే బలంగా ఉంది.

దీనికి ముందు మరో ఘటన ఉంది. రిచర్డ్ ఒక ఫ్రెంచ్ వారపత్రికలో కాలమ్ రాసేవాడు. తన సహచర ఫ్రెంచ్ ఆటగాడికి పడిన శిక్షను తప్పుబడుతూ 1954 జనవరిలో కాంప్‌బెల్‌ను నియంత అన్నాడు. ఫలితం.. క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మళ్లీ అలా చేయనని 1,000 డాలర్ల పూచీకత్తు కట్టాల్సి వచ్చింది. కాలమ్ ఆగిపోయింది. ఆట ఆడమన్నారు కానీ నోరు తెరవొద్దన్నారు అని ఫ్రెంచ్ జనానికి అర్థమైంది.

అందుకే 1955 మార్చిలో పడింది ఒక ఆటగాడి మీద శిక్షలా వాళ్లకు కనిపించలేదు. ఫ్యాక్టరీలో తమ మీద అరిచే ఫోర్‌మనే స్టేడియంలోనూ వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

ఆ సీజన్ ఏమైంది?

ఆట పరంగా చూస్తే నష్టపోయింది మాంట్రియలే. లీగ్‌లో ఫస్ట్ ప్లేస్ 2 పాయింట్ల తేడాతో డెట్రాయిట్‌కు వెళ్లింది. ఫైనల్లోనూ ఏడు మ్యాచుల పోరు తర్వాత డెట్రాయిటే గెలిచింది.

ఇంకో వింత కూడా జరిగింది. రిచర్డ్ ఆడకపోవడంతో స్కోరింగ్ టైటిల్‌ను అతని సహచరుడు బెర్నీ జెఫ్రియన్ ఒక్క పాయింట్ తేడాతో దాటేశాడు. జెఫ్రియన్ కూడా ఫ్రెంచ్ వాడే, అదే జట్టు. అయినా సొంత అభిమానులే అతన్ని గేలి చేశారు. గోల్ కొట్టడం తన పని. ఆ పని చేసినందుకే తిట్లు తిన్నాడు. కోపం గుంపుగా మారితే తనవాడు, పరాయివాడు అన్న తేడా చూడదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రిచర్డ్ మాట నిలబెట్టుకున్నాడు. 1956 నుంచి 1960 వరకు వరుసగా 5 సార్లు మాంట్రియల్ స్టాన్లీ కప్ గెలిచింది. 544 గోల్స్‌తో 1960లో రిటైర్ అయ్యాడు. స్కోరింగ్ టైటిల్ మాత్రం జీవితంలో ఎప్పుడూ రాలేదు. విచిత్రం ఏంటంటే, ఇప్పుడు లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టిన వారికి 1999 నుంచి ఇస్తున్న ట్రోఫీ అతని పేరు మీదే ఉంది.

తర్వాత ఏం మారింది?

1960లో క్యూబెక్‌లో ప్రభుత్వం మారింది. చదువు, ఆరోగ్యం, కరెంటు రంగాల్లో పెద్ద మార్పులు వచ్చాయి. దీన్నే ‘నిశ్శబ్ద విప్లవం’ అంటారు. 1969లో కెనడా అధికార భాషల చట్టం వచ్చింది. 1977లో క్యూబెక్ ఫ్రెంచ్ భాషా చట్టం తెచ్చింది. ఆఫీసుల్లో, కంపెనీల్లో, షాపు బోర్డుల్లో ఫ్రెంచ్ తప్పనిసరి అయింది. విడిపోవాలా వద్దా అని 1980లో, 1995లో రెండు రెఫరెండాలు జరిగాయి. రెండోసారి తేడా 1 శాతం పైచిలుకు మాత్రమే. కలిసి ఉండటమే గెలిచింది.

మరి ఇదంతా ఆ ఒక్క రాత్రి వల్లేనా? చాలామంది అలాగే చెబుతారు. కానీ చరిత్రకారుల్లో కొందరు జాగ్రత్తగా మాట్లాడతారు. ఆ రాత్రి గుంపులో ఇంగ్లీష్ యువకులు కూడా ఉన్నారని, లూటీ చేసిన వాళ్లకు భాషా ఉద్యమంతో పని లేదని గుర్తు చేస్తారు. నిజానికి అల్లర్లు చట్టాలు తేలేదు. చట్టాలు తెచ్చింది తర్వాతి 20 ఏళ్ల రాజకీయం, యూనియన్లు, ఓట్లు. ఆ రాత్రి చేసిందల్లా లోపల ఎంత కోపం ఉందో అందరికీ కనిపించేలా చేయడమే.

హైదరాబాద్‌లో సీన్ ఏంటి?

ఇక మన దగ్గరకు వద్దాం. భాష అవమానం నుంచి ఉద్యమం పుట్టడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 1921 నవంబర్‌లో నగరంలో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే సభలో కొందరు గోల చేసి ఎగతాళి చేశారు. నిజాం రాజ్యంలో సగానికి దగ్గరగా తెలుగు వాళ్లే. అయినా తెలుగులో మాట్లాడితే నవ్వు! ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. తర్వాత అదే ఆంధ్ర మహాసభగా ఎదిగింది. ఇక్కడ అద్దాలు పగల్లేదు. గ్రంథాలయాలు వెలిశాయి.

1952 కథ వేరు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ మీడియంతో మొదలైంది. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పిన యూనివర్సిటీగా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ కొలువుకు ఉర్దూ కావాలి. కాబట్టి ఇక్కడి పిల్లలు ఉర్దూలో చదివారు. 1948 పోలీస్ చర్య తర్వాత ఆఫీసుల్లో భాష ఇంగ్లీష్‌కు మారింది. దాంతో మద్రాస్ రాష్ట్రంలో ఇంగ్లీష్ చదువు చదివిన వారికి ఇక్కడ ఉద్యోగాలు దొరికాయి. ఉర్దూలో డిగ్రీ చేసిన స్థానిక కుర్రాడి చదువు చూస్తుండగానే విలువ కోల్పోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వచ్చినవాళ్లలో చాలామందిది తెలుగే, ఉన్నవాళ్లలో చాలామందిది తెలుగే. అయినా భాషే గొడవకు కారణమైంది. ఎందుకంటే ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, జీతం ఇచ్చే భాష ఒకటి. మాంట్రియల్ కార్మికుడికి, హైదరాబాద్ విద్యార్థికి ఉన్న బాధ ఈ ఒక్క చోట కలుస్తుంది.

1952లో వరంగల్‌లో టీచర్ల బదిలీల విషయంలో విద్యార్థుల ఆందోళన మొదలైంది. హైదరాబాద్‌కు పాకింది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’, ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అన్న నినాదాలు వీధుల్లో మోగాయి. బూర్గుల రామకృష్ణారావు అప్పుడు ముఖ్యమంత్రి. సెప్టెంబర్ మొదటి వారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ జరిపించారు. మాంట్రియల్‌లో పగిలినవి అద్దాలు. ఇక్కడ పోయినవి మనుషుల ప్రాణాలు. ఆ తేడా చిన్నది కాదు.

క్రికెట్ ఊరు దాటిన సీజన్

1969లో, మళ్లీ 2009 చివర్లో ఉస్మానియా క్యాంపస్ రగిలింది. నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు యాస కూడా ఆ ఉద్యమంలో పెద్ద విషయమే. సినిమాల్లో తెలంగాణ యాసను విలన్లకో, కమెడియన్లకో పరిమితం చేశారన్న బాధ ప్రతి సభలో వినిపించింది. ఒకే భాషలో రెండు మెట్లు ఉన్నాయని, తమను కింది మెట్టు మీద నిలబెట్టారని జనం అనుకున్నారు.

2009 డిసెంబర్ 9న కేంద్రం ప్రకటన, అదే నెల 23న మరో ప్రకటన. ఆర్ట్స్ కాలేజీ ముందు సభలు, ఎన్‌సీసీ గేటు దగ్గర లాఠీలు, టియర్ గ్యాస్. తార్నాక రోడ్డు మీద ఎప్పుడు ట్రాఫిక్ ఆగుతుందో ఎవరికీ తెలియని రోజులవి.

సీన్ కట్ చేస్తే.. 2010 ఐపీఎల్. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా వెళ్తే ఉప్పల్ స్టేడియం కొద్ది కిలోమీటర్లే. అప్పటికి డిఫెండింగ్ చాంపియన్ ఎవరు? మన డెక్కన్ చార్జర్సే! కానీ భద్రతా కారణాలతో హైదరాబాద్, విశాఖ మ్యాచులను తరలించారు. డెక్కన్ చార్జర్స్ సొంత మ్యాచులు కటక్, నాగ్‌పూర్, నవీ ముంబైలలో ఆడింది.

దీని అర్థం ఏంటో చూడండి. 2008లో ఉప్పల్‌లో ఆడినప్పుడు జట్టు అట్టడుగున నిలిచింది. 2009లో లోక్‌సభ ఎన్నికల వల్ల టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు వెళ్లింది. గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్ అక్కడే గెలిచారు. 2010లో చాంపియన్లుగా ఆడాల్సిన సీజన్ కూడా బయటే గడిచింది. అంటే, జట్టు గెలిచిన ఏడాదీ, గెలిచి వచ్చిన ఏడాదీ హైదరాబాద్ అభిమాని ఒక్క మ్యాచ్ కూడా సొంతూళ్లో చూడలేదు. స్టేడియం దగ్గర జెర్సీలు, జెండాలు అమ్ముకునే వాళ్లకు, ఆటోవాళ్లకు ఆ సీజన్ రాలేదు.

మాంట్రియల్‌లో మ్యాచ్ పెట్టి, వద్దన్నా వచ్చి కూర్చుని మంట పెంచారు. హైదరాబాద్‌లో మ్యాచే లేకుండా చేశారు. అల్లరి జరగలేదు. ఆట కూడా జరగలేదు.

చెన్నైలో రెండు రకాలు

పక్క రాష్ట్రంలో రెండూ జరిగాయి. 2013లో శ్రీలంక తమిళుల సమస్యపై నిరసనల మధ్య, శ్రీలంక ఆటగాళ్లను చెన్నైలో ఆడించొద్దని నాటి ముఖ్యమంత్రి జయలలిత కోరారు. ఐపీఎల్ ఒప్పుకుంది. దాంతో సన్‌రైజర్స్ హైదరాబాద్ కెప్టెన్ కుమార సంగక్కర చెన్నై మ్యాచ్‌కు దూరం కావాల్సి వచ్చింది.

2018లో కావేరీ గొడవ. ఏప్రిల్ 10న చెపాక్‌లో మ్యాచ్ నడుస్తుండగానే గ్రౌండ్‌లోకి చెప్పులు పడ్డాయి. బయట నిరసనలు. వెంటనే చెన్నై సొంత మ్యాచులను పుణేకు తరలించారు. ఆ ఏడాది కప్ గెలిచింది చెన్నై జట్టే. కానీ ఊళ్లో ఆడింది ఒక్క మ్యాచ్.

ఇలాంటివి ఎందుకు అంటుకుంటాయి?

ఈ ఘటనలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు విషయాలు కనిపిస్తాయి.

మొదటిది, పాత బాకీ. జీతం, ఉద్యోగం, గౌరవం దగ్గర భాష అడ్డొచ్చిన అనుభవం ఏళ్ల తరబడి ఉంటుంది. మ్యాచ్ దాన్ని పుట్టించదు, బయటపెడుతుంది.

రెండోది, మొహం. అన్యాయం అన్నది గాల్లో ఉన్నప్పుడు జనం ఎవరి మీద కోప్పడాలో తెలియదు. కాంప్‌బెల్ లాంటి ఒక మనిషి ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. స్టేడియం అంటేనే వేల మంది ఒకే వైపు చూసే చోటు.

మూడోది, అధికారి తీసుకునే చివరి నిర్ణయం. కాంప్‌బెల్ శిక్ష వేయడం నిబంధనల ప్రకారం సరైనదే కావొచ్చు. కానీ మేయర్ వద్దన్నా మ్యాచ్‌కు రావడం నిబంధన కాదు, పంతం. ఒక్క సాయంత్రం ఇంట్లో ఉండి ఉంటే సెయింట్ కేథరిన్ వీధిలో ఆ రాత్రి అలా గడిచేది కాదేమో. అలాగని అద్దం పగలగొట్టిన వాడి తప్పు పోదు. ఆ రాత్రి నష్టపోయిన దుకాణదారులకు రిచర్డ్ శిక్షతో ఏ సంబంధమూ లేదు.

పరిష్కారం కూడా మైదానంలో దొరకలేదు. క్యూబెక్‌లో అది స్కూళ్లలో, ఆఫీసుల్లో, షాపు బోర్డుల మీద భాషకు దక్కిన చోటుతో వచ్చింది. ఇక్కడ 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రంతో వచ్చింది. అదే ఏడాది నుంచి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఒకప్పుడు నవ్వులపాలైన యాసలో ఇప్పుడు హీరోలు డైలాగులు చెబుతున్నారు, థియేటర్లలో విజిల్స్ పడుతున్నాయి. ఉప్పల్‌లో మ్యాచ్ ఉన్న రోజు తార్నాక చౌరస్తాలో ఇప్పుడు ఆగేది నిరసనల వల్ల కాదు.. జెర్సీలు వేసుకుని స్టేడియానికి వెళ్లే వాళ్ల ట్రాఫిక్ వల్ల.